డప్పు పాటలో మాట వినపడాలంటే: ఒకే మిక్స్‌లో మూడు రకాల డకింగ్ (ఒక శబ్దం వచ్చినప్పుడు ఇంకోదాన్ని తగ్గించడం)

మిక్స్, అంటే విడివిడి గొంతులనీ వాయిద్యాలనీ కలిపి చేసిన పాట, పంపిన రోజు పాట చేయించుకున్న కుర్రాడు ఎర్ర గుండెలు నాలుగు పెట్టాడు, నేనూ పని అయిపోయిందనుకున్నాను. రెండు రోజుల తర్వాత రాత్రి పదకొండింటికి వాయిస్ మెసేజ్ వచ్చింది, వెనకాల జనరేటర్ మోత: "అన్నా, డీజే బాక్సుల మీద ఏసి చూసినమన్నా. దుమ్ము లేస్తుంది గానీ అక్క ఏం పాడుతుందో సమజైతలేదు. డప్పు గూడ ఉత్త డబ్బా కొట్టినట్టున్నది." నాకు బాగా గుచ్చుకున్నది డబ్బా మాట. ఆ డప్పులు నా ముందే రికార్డ్ చేశారు, మంట మీద కాచి తోలు బిగించుకుని మరీ వాయించారు. గదిలో నిలబడితే ఛాతీ అదిరింది. అది నా మిక్స్‌లో డబ్బా అయిందంటే తప్పు వాయించినవాళ్ళది కాదు.

సిద్దిపేట వైపు కుర్రాళ్ళు యూట్యూబ్ కోసం చేసుకున్న జానపదం ఇది. నాలుగు డప్పులు, ఒక గాయని, వంత పాడటానికి ఐదుగురు, వాటి కింద ప్రోగ్రామింగ్‌లో పెట్టిన కిక్ (పెద్ద డ్రమ్ము దెబ్బ), 808 బేస్ (అడుగున సాగే ఎలక్ట్రానిక్ బేస్), పైన నాదస్వరంలా అరిచే సింథ్ ఒకటి. టెంపో నిమిషానికి 100 దెబ్బలు. తిశ్రం నడక, అంటే ఒక దెబ్బకి 600 మిల్లీసెకన్లు, దాన్ని మూడు ముక్కలు చేస్తే ఒక్కోటి 200. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, తర్వాత దీని చుట్టూనే తిరుగుతాం. గాయని ఐదు శ్రుతి, అంటే జి. కాబట్టి 808 ఎక్కువసేపు 49 హెర్ట్జ్ దగ్గర కూర్చుంటుంది. కిక్ బరువు 55 దగ్గర ఉంది. పక్కపక్కనే ఇల్లు కట్టుకున్న దాయాదుల్లాంటి వాళ్ళు, గొడవ రాకుండా ఎలా ఉంటుంది?

మెసేజ్ విన్న వెంటనే నేను చేసిన పని కొత్త ప్లగిన్ల (మిక్సింగ్ సాఫ్ట్‌వేర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాముల) కోసం వెతకడం. అందరం చేసే పనే అది. అరగంట డెమో వీడియోలు చూశాక సిగ్గేసి సెషన్ తెరిచి, ఏ ప్లగిన్ ముట్టుకోకుండా మ్యూట్ బటన్లతో ఒక గంట కూర్చున్నాను. 808 మ్యూట్ చేస్తే డప్పుకి ఒళ్ళు తిరిగొచ్చింది, కానీ మాట అలాగే ఉంది. సింథ్ మ్యూట్ చేస్తే మాట తేలింది, డప్పులో మార్పేమీ లేదు. కిక్ మ్యూట్ చేస్తే 808 ఒక్కసారిగా పెద్దదైంది. అంటే ఒక సమస్య కాదు, మూడు గొడవలు: కిక్‌కీ 808కీ, డప్పుకీ 808 పైభాగానికీ, గొంతుకీ సింథ్‌కీ. వీటిలో ఒకటి అడుగున, ఒకటి నడుమ, ఒకటి పైన. మొదటి మిక్స్‌లో నేను చేసిన తెలివితక్కువ పని ఏంటంటే, 808నీ సింథ్‌నీ డప్పునీ కలిపి ఒకే బస్‌లో (ట్రాకులన్నీ కలిసి వెళ్ళే దారిలో) పడేసి, దాని మీద ఒక కాంప్రెసర్ పెట్టి, కిక్‌నీ గొంతునీ రెండింటినీ దానికి సైడ్‌చెయిన్ ఇచ్చాను. ఎవరు నోరు తెరిచినా అందరూ కూర్చోవాలి. చిన్న స్పీకర్లలో అది "ఊపు"లా వినిపించింది, పెద్ద బాక్సుల మీద గందరగోళం.

సైడ్‌చెయిన్ కొత్త అయినవాళ్ళకి రెండు ముక్కలు. మామూలు కాంప్రెసర్ తన లోపలికొచ్చే శబ్దాన్నే విని తగ్గిస్తుంది. సైడ్‌చెయిన్‌లో దాని చెవి వేరే ట్రాక్ దగ్గర ఉంటుంది, చెయ్యి ఈ ట్రాక్ మీద ఉంటుంది. కిక్‌ని వింటూ బేస్‌ని నొక్కుతుంది. రేడియోలో అనౌన్సర్ మాట్లాడగానే పాట తగ్గడం, ఆపగానే పెరగడం ఇదే పద్ధతి. నేను వాడేది రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. అందులో బేస్ ట్రాక్‌కి నాలుగు చానళ్ళు ఇచ్చి, కిక్ నుంచి సెండ్‌ని (దాని శబ్దం కాపీని) 3/4లోకి పంపి, రీపర్‌తో వచ్చే కాంప్రెసర్ రీకాంప్‌లో డిటెక్టర్ ఇన్‌పుట్‌ని ఆగ్జిలరీకి, అంటే ఆ 3/4కి, మార్చాలి. ఈ చివరి మెట్టు మర్చిపోతే కాంప్రెసర్ పని చేస్తున్నట్టే సూది ఆడుతుంది, కానీ అది కిక్‌ని కాకుండా బేస్‌నే వింటూ ఉంటుంది. రెండేళ్ళ కిందట ఒక పాట మొత్తం నేను అలాగే చేసి పంపాను. ఎవరూ పట్టుకోలేదు, నేనూ చెప్పలేదు.

ముందు కిక్, 808 సంగతి. మొదట రీకాంప్‌తోనే మొదలుపెట్టాను, చేతిలో ఉన్నదే కదా. అటాక్ (నొక్కడానికి పట్టే సమయం) సున్నా పెడితే ప్రతి కిక్ దగ్గరా "టిక్" అని చిటుకు. బేస్ అల సగంలో ఉండగా కత్తిరించేస్తున్నాం, అందుకే. అటాక్ 5 చేస్తే చిటుకు పోయింది గానీ ఆ ఐదు మిల్లీసెకన్లూ కిక్ తలా బేస్ ఒళ్ళూ ఢీకొంటున్నాయి. రిలీజ్ (తిరిగి వదలడానికి పట్టే సమయం) 10 పెట్టి చూశాను, బేస్ గరగరమంది. 55 హెర్ట్జ్ కిక్‌కి ఒక అల పూర్తవడానికి సుమారు 18 మిల్లీసెకన్లు పడుతుంది. రిలీజ్ అంతకంటే పొట్టిగా ఉంటే కాంప్రెసర్ ఒక్కో అల మధ్యలో లేచి మళ్ళీ కూర్చుంటుంది, ఆ లేచి కూర్చోవడమే బేస్ మీద గీరినట్టు పడుతుంది. 120కి పెంచితే గరగర పోయింది. సరే, ఇక్కడితో ఆగొచ్చు అనుకున్నాను. కానీ కిక్ ప్రోగ్రామ్ చేసినవాడు మనిషి వాయించినట్టు ఉండాలని ఒక్కో దెబ్బ బలం మార్చాడు, పైగా రెండో చరణంలో తోక పొడుగున్న వేరే కిక్ వాడాడు. కాంప్రెసర్ నిజాయితీగా ఆ తేడాలన్నీ విని, ఒక చోట 4 డీబీ (డెసిబెల్), ఇంకో చోట 9 డీబీ తగ్గిస్తోంది. చిన్న కిక్‌కి బేస్ సరిగా తగ్గడం లేదు, అదే అసలు తగ్గాల్సిన చోటు.

అప్పుడు కాంప్రెసర్ వదిలేసి షేపర్ల వైపు వెళ్ళాను. ఎల్ఎఫ్‌ఓ టూల్, కిక్‌స్టార్ట్, షేపర్‌బాక్స్‌లోని వాల్యూమ్‌షేపర్, ఇవన్నీ ఒకే కుటుంబం. ఇవి ఎంత గట్టిగా కొట్టావని అడగవు. గీసిన గీత ప్రకారం వాల్యూమ్ కిందికీ పైకీ వెళ్తుంది, ప్రతిసారీ ఒకేలా. మెషిన్ కిక్ ఉన్న డాన్స్ పాటకి ఇంతకంటే హాయి లేదు. అయితే వీటిని ఊరికే పెడితే ప్రాజెక్ట్ టెంపో గళ్ళని (సమాన దూరంలో ఉండే దెబ్బ గీతలని) బట్టి నడుస్తాయి, మన పాటేమో గళ్ళలో లేదు. ముందు డప్పులు వాయించారు, చెవిలో తాళం చెప్పే క్లిక్ లేకుండా. తర్వాత కుర్రాడు కిక్‌ని డప్పు మీద చేత్తో పేర్చుకున్నాడు. జూమ్ చేసి చూస్తే మూడో చరణానికి కిక్ గళ్ళ గీత కంటే 30 మిల్లీసెకన్లు ముందు పడుతోంది. వాయించేవాళ్ళకి వేడెక్కింది, తోసుకెళ్ళారు, పాటలో అందమే అది. గళ్ళని నమ్ముకున్న షేపర్ మాత్రం కిక్ వచ్చి వెళ్ళాక బేస్‌ని తగ్గిస్తుంది. కాబట్టి ఆడియోతోగానీ మిడీతోగానీ (స్వరాల సంకేతాలతో) ట్రిగర్ అయ్యేది, అంటే దెబ్బ పడ్డప్పుడే కదిలేది కావాలి. ఈ ఒక్క ప్రశ్న అడిగితే సగం ప్లగిన్లు జాబితాలోంచి వాటంతటవే పోతాయి: నీ పాట గళ్ళలో ఉందా, మనుషుల చేతుల్లో ఉందా?

షేపర్‌బాక్స్ నా దగ్గర ముందే ఉంది, ఆడియో ట్రిగర్ ఉంది, బ్యాండ్లుగా విడదీసి అడుగు భాగాన్ని మాత్రమే తగ్గించే వీలుంది. దాన్నే పెట్టాను. ట్రిగర్ కోసం అసలు కిక్ కాకుండా ఉత్తుత్తి కిక్ ట్రాక్ ఒకటి చేశాను. ప్రతి కిక్ దగ్గరా ఒక పొట్టి క్లిక్, అన్నీ ఒకే లెవెల్‌లో. ఆ ట్రాక్‌కి మాస్టర్ సెండ్ తీసేస్తే అది ఎవరికీ వినపడదు, షేపర్‌కి తప్ప. ఇంకో లాభం, ఆ ట్రాక్ మొత్తాన్ని 5 మిల్లీసెకన్లు ముందే పడేలా జరిపితే బేస్ మెత్తగా తగ్గడం మొదలుపెట్టి కిక్ పడే క్షణానికి పూర్తిగా తగ్గి ఉంటుంది. చిటుకూ లేదు, ఢీకొనడమూ లేదు.

తర్వాత గీత ఆకారం. ప్లగిన్లలో వచ్చే రెడీమేడ్ గీతలు ఎక్కువగా దెబ్బ పొడవునా మెల్లగా పైకొచ్చేవి, నేరుగా నడిచే నాలుగు దెబ్బల పాటకి సరిపోతాయి. మన తిశ్రంలో బేస్ 0 దగ్గర ఒకసారి, 400 దగ్గర ఇంకోసారి పలుకుతుంది. ఆ రెండోది చిన్నదే, కానీ కాలు లేపేది అదే. దాని కింద కిక్ లేదు. రెడీమేడ్ గీతతో ఆ 400 దగ్గరికొచ్చేసరికి బేస్ ఇంకా సగం మునిగే ఉంది, నడక కుంటింది. గీతని లాగి 150 మిల్లీసెకన్లకే పూర్తిగా పైకొచ్చేలా మార్చాను. 150 హెర్ట్జ్ కింద మాత్రమే తగ్గేలా పెట్టాను, పైన 808 గొంతు అలాగే ఉంటుంది, ఫోన్లో వినేవాళ్ళకి బేస్ మాయమై మళ్ళీ వస్తున్నట్టు అనిపించదు.

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి. ఆ ఉత్తుత్తి ట్రాక్‌ని సరిచూద్దామని మాస్టర్ సెండ్ ఆన్ చేసి విని, తీసేయడం మర్చిపోయి మిక్స్ రెండర్ చేసి పంపాను. పొద్దున్నే ఫోన్: "అన్నా, పాట మొత్తం గడియారం లెక్క టిక్కు టిక్కుమంటుంది ఏందన్నా?" కొత్త పర్కషన్ అని అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం అనిపించిన మాట వాస్తవం.

రెండో గొడవ, డప్పు. ఇక్కడ కిక్ దగ్గర చేసిందే చేద్దామంటే కుదరదు. డప్పు మీద ఒక చేతిలో సిర్ర, ఇంకో చేతిలో సిటికెన పుల్ల, ఈ రెండూ కలిసి 200 మిల్లీసెకన్ల ముక్కల్లో కూడా ఖాళీ ఉంచవు. నలుగురు వాయిస్తుంటే చెప్పక్కర్లేదు. ప్రతి దెబ్బకీ 808 తగ్గితే ఇక అది పైకి లేచేదెప్పుడు? అరగంట పోగొట్టుకుని ఈ సంగతి కనుక్కున్నాను. వేవ్‌ఫామ్ చూసి ఉంటే అర నిమిషంలో తెలిసేది. అసలు ఎక్కడ కొట్టుకుంటున్నాయో వెతికితే, ఈ డప్పుల ఒళ్ళు 190 హెర్ట్జ్ దగ్గర ఉంది, 808కి కలిపిన డిస్టార్షన్ వల్ల దాని పై స్వరాలూ సరిగ్గా అక్కడే గుమిగూడాయి. డప్పు పుల్ల చప్పుడు పైన ఎక్కడో వినపడుతోంది, ఒళ్ళు మాత్రం మునిగిపోయింది. అందుకే డబ్బా.

808 ఆ ఒక్క చోట మాత్రమే తగ్గాలి కాబట్టి డైనమిక్ ఈక్యూ (ఎంచుకున్న భాగాన్ని అవసరమైనప్పుడే తగ్గించేది) కావాలి, దానికి బయటి సైడ్‌చెయిన్ తీసుకునే గుణం ఉండాలి. ఫ్యాబ్‌ఫిల్టర్ ప్రో-క్యూ 3లో ఉంది. డబ్బు పెట్టకుండా కావాలంటే టీడీఆర్ నోవా ఉచిత వెర్షన్‌లోనూ ఉంది, నేను దాన్నే వాడాను. 190 దగ్గర ఒక బ్యాండ్, వెడల్పు మధ్యస్థంగా, డప్పు బస్‌ని వింటూ 808ని ఎక్కువలో ఎక్కువ 4 డీబీ తగ్గించేలా. రిలీజ్ 60. మొదట 8 డీబీ దాకా పోయాను, డప్పు గొప్పగా వచ్చింది, 808 మాత్రం పక్కగదిలోకి వెళ్ళి వాయిస్తున్నట్టు అయిపోయింది. 4 దగ్గర ఎవరికీ ఏం జరిగిందో తెలియదు, బైపాస్ చేస్తే, అంటే ప్లగిన్ ఆపేస్తే మాత్రం మళ్ళీ డబ్బా.

మూడోది గొంతు. ఇక్కడ ప్లగిన్ కంటే ముందు ఒక ఫోన్ కాల్. సింథ్ సరిగ్గా గాయని పాడే స్వరాలనే, అదే స్థాయిలో, ఆమెతో పాటే వాయిస్తోంది. ఇద్దరు ఒకే మాట ఒకేసారి అరుస్తుంటే వాళ్ళ మధ్య చోటు ఏ ప్లగిన్ చేస్తుంది? "పల్లవి మధ్య ఖాళీల్లో ఉంచు, చరణంలో తీసెయ్" అన్నాను. "అన్నా అదే కదన్నా హుక్కు" అన్నాడు. పల్లవిలో ఉండనిచ్చి, చరణాల్లో ఒక స్థాయి పైకి జరపడానికి ఒప్పుకున్నాడు. సగం సమస్య అక్కడే పోయింది, రూపాయి ఖర్చు లేకుండా.

మిగిలిన సగానికి ముందు మామూలు కాంప్రెసర్ పెట్టాను, గొంతు వింటూ సింథ్ తగ్గేలా. వింటుంటే పాడని చోట కూడా సింథ్ తడబడుతోంది. మొదట రూటింగ్ తప్పు అనుకున్నాను, తర్వాత గొంతు ట్రాక్ సోలో చేసి వింటే గాజులు. ఆవిడ పాడేటప్పుడు చెయ్యి కదుపుతూ పాడుతుంది, గాజుల చప్పుడు మైకులో పడింది, కాంప్రెసర్‌కి గాజు అయినా గొంతు అయినా ఒకటే. డిటెక్టర్‌లో లోపాస్‌ని (పై శబ్దాన్ని కోసేసే ఫిల్టర్‌ని) 4 కిలోహెర్ట్జ్‌కి దింపితే చాలావరకు పోయింది. అయినా మొత్తం సింథ్ ప్రతి మాటకీ లేచి పడుతుంటే వినడానికి బాగోలేదు.

అప్పుడు ట్రాక్‌స్పేసర్. ఇది శబ్దాన్ని 32 బ్యాండ్లుగా విడగొట్టి, గొంతు ఏ బ్యాండ్‌లో ఎంత బలంగా ఉందో చూసి, సింథ్‌లో ఆ బ్యాండ్లనే అంత మేరకి తగ్గిస్తుంది. వాడటం ఎంత తేలికంటే, ఉన్నది ముఖ్యంగా ఒక్క నాబ్, అందుకే చెయ్యి ఎక్కువ తిరుగుతుంది. నేను సగం దాకా తిప్పేశాను. మాట గాజులో బొమ్మలా కనపడింది, కానీ సింథ్ ప్రతి అక్షరానికీ రంగు మారుస్తూ నీళ్ళలో ఉన్నట్టు ఊగింది. తప్పు నాదే. దాన్ని 20 శాతానికి దించి, ఫిల్టర్లతో 800 హెర్ట్జ్ నుంచి 6 కిలోహెర్ట్జ్ లోపలికి కట్టేశాను. తెలుగు పాటలో మాట అర్థం కావాలంటే ఒత్తులు వినపడాలి. "అక్క", "అల్లుడు", "గజ్జె", ఇలాంటి మాటల్లో హల్లు బిగింపు మునిగిపోతే అచ్చులు మాత్రమే మిగిలి, ఏదో రాగం తీస్తున్నట్టు ఉంటుంది. ఈ పాటలో ఆ బిగింపంతా 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య తేలింది. కింద ఎంత తవ్వినా మాటకి ఏమీ ఒరగదు, సింథ్ పల్చబడటం తప్ప.

ఊపులో ఉన్నాను కదా, వంత పాడేవాళ్ళ మీద కూడా అదే పెట్టాను. అది పూర్తిగా తప్పు. గాయని చివరి అక్షరం సాగదీస్తుంది, దాని మీదే వంత ఎత్తుకుంటారు. డకింగ్ వల్ల వంత మొదటి అక్షరం ప్రతిసారీ కొరికేసినట్టు పోయింది. ఆ ఎత్తుగడే పాటకి ప్రాణం. ప్లగిన్ తీసేసి ఫేడర్ ఆటోమేషన్ (వాల్యూమ్ ఎక్కడ ఎంత ఉండాలో చెప్పే గీత) చేత్తో గీసుకున్నాను, పాట మొత్తానికి పద్నాలుగు చోట్ల, ఇరవై నిమిషాల పని.

గొంతు మీద ఉన్న డిలేకి (ప్రతిధ్వనికి) మాత్రం ఆ పాత రీకాంప్‌నే పెట్టాను. గొంతు పలుకుతున్నంతసేపూ డిలే తగ్గి, మాట ఆగగానే తేలుతుంది, రిలీజ్ 300. నన్నడిగితే డకింగ్‌లో ఎక్కువ లాభం, తక్కువ ప్రమాదం ఉన్న చోటు ఇదే, దీని కోసం ఎవరూ ఏమీ కొనక్కర్లేదు.

ఒక చిన్న విషయం ఇక్కడే చెప్పేస్తాను, నాకు దీని మీద ఒక పూట పోయింది. గొంతు నుంచి సైడ్‌చెయిన్‌కి వెళ్ళే సెండ్ పోస్ట్ ఫేడర్ (వాల్యూమ్ మీట తర్వాత తీసుకునేది) ఉంటే, "గొంతు జర పెంచన్నా" అన్న ప్రతిసారీ సింథ్ ఇంకా లోతుకి పోతుంది, ఒకటి మారిస్తే రెండు మారతాయి. రీపర్‌లో సెండ్‌ని ప్రీ ఫేడర్, పోస్ట్ ఎఫ్ఎక్స్‌కి మార్చాక ఆ గోల పోయింది.

చివరికి బాక్సులు. తెలిసిన డీజే దగ్గరికి లాప్‌టాప్ పట్టుకుని వెళ్ళాను, 18 అంగుళాల సబ్‌లు రెండు, మిక్సర్‌లో బేస్ నాబ్ గడియారంలో రెండు గంటల చోటుకి తిప్పి ఉంది (దాన్ని వెనక్కి తిప్పమని డీజేని అడగడం మర్యాద కాదు). స్టూడియోలో 808ని కిక్‌కి 9 డీబీ తగ్గించాను, బాగుంది. ఇక్కడ కిక్ పడ్డప్పుడల్లా గొంతుతో సహా పాట మొత్తం ఊపిరి పీల్చింది. వాళ్ళ సెటప్‌లో లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా నొక్కేది) ఉంది, బేస్ పెంచి ఉంది కాబట్టి ప్రతి కిక్‌కీ అది అన్నిటినీ నొక్కుతోంది. అంటే నేను ఒకసారి, అది ఒకసారి, రెండుసార్లు డకింగ్. 9ని 5కి తెచ్చాను. అక్కడే నిలబడి గీత పైకి లాగుతూ ఉంటే డీజే అన్నాడు, "ఇప్పుడు డప్పు కొడుతున్నోళ్ళు కనపడుతున్రు." వాల్యూమ్‌షేపర్ ఒకటి, నోవా ఒకటి, ట్రాక్‌స్పేసర్ ఒకటి, డిలే మీద రీకాంప్ ఒకటి, ఇదీ తేలిన లెక్క. మొదట పెట్టిన ఆ పెద్ద బస్ కాంప్రెసర్ సెషన్‌లో లేదు.

ఆ వారంలోనే ఊళ్ళో ఏదో ఫంక్షన్‌లో వేశారట. మెసేజ్ వచ్చింది, ఈసారి పగలే: "అన్నా మాట మాట సమజైంది. అమ్మలు గూడ పాడుతున్రు. ఒక్కటే, బేస్ జర పెంచుతవా?" 1 డీబీ పెంచి పంపాను, ఫైల్ పేరులో ఫైనల్ 7 అని ఉంది.